30 డాల్టన్ల తేడా

ఆదిలాబాద్ చలి గురించి చెబితే కరీంనగర్ వాళ్లు కూడా నమ్మరు. మధ్యలో ఉన్నది ఒక్క గోదావరే కదా, నది దాటితే అంత మారిపోతుందా అంటారు. మారిపోతుంది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాన్నకు ఉట్నూరు వైపు బదిలీ అయింది. కరీంనగర్‌లో పొద్దున్నే బస్సెక్కితే జగిత్యాల, ధర్మపురి, రాయపట్నం బ్రిడ్జి, లక్సెట్టిపేట, జన్నారం, ఆ తర్వాత అంతా అడవి. డిసెంబర్‌లో ఆ అడవిలోంచి వచ్చే చలి ఎముకలకు తెలుస్తుంది. ఈ మాట ఊరికే వాడటం లేదు.

బడిలో నా పక్కన కూర్చునేవాడు ఒక గోండు పిల్లాడు. గూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. లెక్కల్లో నాకంటే చురుకు. చలికాలం మొదలవగానే "కాళ్లు గుంజుతున్నయ్ సార్" అనేవాడు. "చలికి అందరికీ గుంజుతయ్, కూసో" అనేవారు సార్. ఒక్కోసారి వారం, పది రోజులు కనిపించేవాడు కాదు. తిరిగొచ్చినప్పుడు కళ్లు పచ్చగా ఉండేవి. కామెర్లు అన్నారు, ఆకు పసరు పోశారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. వాడు క్లాసు మధ్యలో మాటిమాటికీ ఒంటేలుకి లేచేవాడు, వచ్చి గటగటా నీళ్లు తాగేవాడు. మళ్లీ లేచేవాడు. బడి ఎగ్గొట్టే వేషాలని మేమందరం నవ్వేవాళ్లం. నేనే ఎక్కువ నవ్వానేమో, పక్కనే కూర్చునేవాణ్ని కాబట్టి. ఎనిమిదో తరగతిలో సంక్రాంతి సెలవులకు వెళ్లి తిరిగి రాలేదు. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం. అప్పట్లో ఏ బడిలోనైనా అదే జరిగి ఉండేది.

పదేళ్లకు పైగా గడిచాక హైదరాబాద్‌లో ఒక ల్యాబులో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. పని మాస్ స్పెక్ట్రోమీటర్ మీద. మాస్ స్పెక్ట్రోమీటర్ అంటే అణువులను తూచే కాటా అనుకోండి. తూకపు రాళ్లు ఉండవు. అణువుకు కాస్త విద్యుదావేశం ఎక్కించి, శూన్యంలో పరుగెత్తించి, ఎంత వేగంగా వచ్చిందో, ఎంత వంగిందో చూసి బరువు చెబుతుంది. ఒకరోజు ఒక రక్త నమూనా నడుపుతున్నాం. హిమోగ్లోబిన్‌ను ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ముక్కలు చేసి పెట్టాం. మామూలుగా 952.5 దగ్గర నిలబడాల్సిన ఒక గీత ఈసారి లేదు. దానికి బదులు 922.5 దగ్గర ఒకటి లేచింది. పక్కనున్న సీనియర్ టీ తాగుతూనే చూసి, "సికిల్. రెండు వైపుల నుంచీ వచ్చింది. 952 పూర్తిగా పోయింది చూడు" అంది. ఆ సాయంత్రం సికిల్ సెల్ గురించి దొరికినంత చదివాను. కీళ్ల నొప్పులు, చలికి ముదరడం, పచ్చ కళ్లు, అన్నీ ఉన్నాయి. ఒక పేజీలో మూత్రపిండాల గురించి ఉంది: ఈ జబ్బులో అవి నీటిని పట్టి ఉంచలేవు, అందుకే రోగి ఎక్కువసార్లు మూత్రానికి వెళ్తాడు, ఎక్కువ దాహం వేస్తుంది. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను.

వాడికి ఉన్నది అదే అని నా దగ్గర రుజువు లేదు. వాడి రక్తాన్ని ఎవరూ తూచలేదు. ఈ వ్యాసం ఆ తూకం చరిత్ర గురించి. ప్రపంచంలో ఏ ప్రొటీన్ గురించీ తెలియనంత వివరంగా మనిషికి తెలిసిన ప్రొటీన్ హిమోగ్లోబిన్. దాన్ని మోసిన మనుషుల గురించి మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ రెండూ ఒకే కాలంలో జరిగాయి, అప్పుడప్పుడు వింతగా ఒకదాన్నొకటి రాసుకుంటూ నడిచాయి.

కథ 1904లో షికాగోలో మొదలవుతుంది. కరీబియన్ దీవి గ్రెనడా నుంచి దంతవైద్యం చదువుకోడానికి వచ్చిన వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే కుర్రాడు ఆసుపత్రిలో చేరాడు. ఎర్నెస్ట్ ఐరన్స్ అనే జూనియర్ డాక్టర్ అతని రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర కణాలు కొడవళ్లలా వంగి ఉండటం చూశాడు. అతని పైడాక్టర్ జేమ్స్ హెరిక్ 1910లో దాన్ని ప్రచురించాడు. అందులో రోగి పేరు లేదు. నోయెల్ చదువు పూర్తి చేసి, గ్రెనడా వెళ్లి ప్రాక్టీసు పెట్టి, 1916లో న్యుమోనియాతో చనిపోయాడు. అప్పటికి అతనికి 32 ఏళ్లు. జబ్బుకు కొడవలి పేరు మాత్రం ఉండిపోయింది. మన వైపు కొడవలి అనగానే గుర్తొచ్చేవి వేరే. గోడల మీద ఎర్రరంగుతో వేసిన బొమ్మ, ఇంద్రవెల్లి స్తూపం. రక్తంలో కూడా ఒక కొడవలి ఉందని నాకు తెలిసేటప్పటికి పాతికేళ్లు వచ్చాయి.

ఆ తర్వాతి ముప్పై ఏళ్లు వదిలేసి 1940 దగ్గర ఆగుతాను. ఈ కథలో నాకు బాగా నచ్చిన, కొంచెం కలవరపెట్టే భాగం అక్కడుంది.

1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల కాల్పుల్లో కొమురం భీం చనిపోయాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అప్పుడు తోచింది. ఆ పని చేయడానికి చేతికందిన మనిషి క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో యుద్ధం మొదలైనప్పుడు అతను ఇండియాలో ఉన్నాడు, చేతిలో ఉన్నది హిట్లర్ జర్మనీ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు. జైల్లో పెట్టలేదు గానీ, హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దన్నారు. అలా కట్టడిలో ఉన్న మనిషి ఆదిలాబాద్ అడవుల్లోకి వచ్చాడు, మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు. 1943లో అక్కడే గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. 1948లో రాజ్‌గోండుల మీద అతని పెద్ద పుస్తకం అచ్చయింది.

అదే వియన్నాలో 1914లో పుట్టినవాడు మాక్స్ పెరుట్జ్. యూదు కుటుంబం. కేంబ్రిడ్జ్‌లో హిమోగ్లోబిన్ స్ఫటికాల మీద ఎక్స్‌రేలు వేస్తున్నాడు. 1940లో బ్రిటిష్ ప్రభుత్వం అతన్ని కూడా శత్రుదేశస్థుడని పట్టుకుని ఓడ ఎక్కించి కెనడాకు పంపింది. కొన్ని నెలల తర్వాత వదిలేశారు, వచ్చి మళ్లీ హిమోగ్లోబిన్ ముందు కూర్చున్నాడు. ఇక 1942లో అమెరికాలో హార్వీ ఇటానో. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన జపనీస్ అమెరికన్, బర్క్‌లీలో ఆ ఏడాది అందరికంటే మంచి మార్కులు వచ్చిన విద్యార్థి. పట్టా ప్రదానం రోజు అతను వేదిక మీద లేడు, నిర్బంధంలో ఉన్నాడు. పెరల్ హార్బర్ తర్వాత జపాన్ మూలాలున్న వాళ్లను అలా శిబిరాల్లో పెట్టారు.

ముగ్గురూ శత్రువులని ముద్ర పడినవాళ్లే. అలా ముద్ర వేసినవాళ్లు చూసింది పాస్‌పోర్టో, పూర్వీకులో. ఈ ముగ్గురిలో ఇద్దరు హిమోగ్లోబిన్ ఏమిటో ప్రపంచానికి చెప్పారు. మూడో ఆయన, ఆ మారిన హిమోగ్లోబిన్ మోస్తున్న మనుషుల మధ్య ఏళ్ల తరబడి ఉండి, వాళ్ల దేవతలు, పెళ్లిళ్లు, భూమి తగాదాలు అన్నీ రాసుకున్నాడు. ఒకరి పని గురించి ఇంకొకరికి తెలియాల్సిన అవసరం రాలేదు.

1945లో లైనస్ పాలింగ్ ఒక రైలు ప్రయాణంలో విలియం కాసిల్ అనే డాక్టర్ నోట సికిల్ సెల్ గురించి విన్నాడు. కణాలు వంకర తిరిగేది ఆక్సిజన్ తగ్గినప్పుడే అని వినగానే, తప్పు కణంలో కాదు, ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ అణువులోనే ఉండాలి అనుకున్నాడు. ఆ ఊహను తేల్చే పని తన విద్యార్థికి అప్పగించాడు. ఆ విద్యార్థి ఇటానో. రకరకాల పద్ధతులు విఫలమయ్యాక ఎలక్ట్రోఫోరెసిస్‌తో దొరికింది: విద్యుత్ క్షేత్రంలో రోగి హిమోగ్లోబిన్ మామూలు హిమోగ్లోబిన్ కంటే వేరే వేగంతో కదిలింది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే జన్యువు వచ్చిన వాహకుల రక్తంలో రెండూ కలిసి కనిపించాయి. 1949లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసం శీర్షికలోనే దీన్ని అణువు జబ్బు అన్నారు. ఒక జబ్బును ఒక అణువులో చూపించడం అదే మొదలు. అదే 1949లో హైమెండార్ఫ్ హైదరాబాద్ వదిలి లండన్‌లో ఉద్యోగానికి వెళ్లాడు.

అణువులో ఎక్కడ తేడా? దీనికి జవాబు 1956లో కేంబ్రిడ్జ్‌లో, పెరుట్జ్ బృందంలోనే దొరికింది. చెప్పినవాడు వెర్నన్ ఇంగ్రమ్, చిన్నప్పుడే నాజీ జర్మనీ నుంచి ఇంగ్లండ్ చేరిన ఇంకో శరణార్థి. అతని పద్ధతి చదువుతుంటే నాకు అసూయ వేస్తుంది, అంత సాదా. హిమోగ్లోబిన్‌ను ట్రిప్సిన్‌తో ముక్కలు చేశాడు. ఆ ద్రావణాన్ని వడపోత కాగితం మీద ఒక చుక్క పెట్టి, ఒక దిశలో కరెంటుతో, అడ్డంగా ఇంకో దిశలో ద్రావకంతో నడిపించాడు. రంగు చల్లితే కాగితమంతా ముప్పై దాకా మచ్చలు. మామూలు రక్తం కాగితం, సికిల్ రక్తం కాగితం పక్కపక్కన పెడితే అన్ని మచ్చలూ ఒకేలా ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ మచ్చను విడదీసి చూస్తే ఒక అమినో ఆమ్లం మారింది. గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వేలిన్ ఉంది.

ఈ లెక్క ఒకసారి చూడండి. హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు: రెండు ఆల్ఫా, ఒక్కోదానిలో 141 అమినో ఆమ్లాలు, రెండు బీటా, ఒక్కోదానిలో 146. మొత్తం 574. మారింది ప్రతి బీటా గొలుసులో ఆరో స్థానం. అంటే 574లో రెండు. బరువులో చెప్పాలంటే, మామూలు బీటా గొలుసు 15,867 డాల్టన్లు, సికిల్ బీటా 15,837. ఒక డాల్టన్ అంటే సుమారుగా ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు. తేడా 30. ల్యాబులో నేను చూసిన 952.5, 922.5 కూడా ఆ 30 తేడానే, గొలుసు మొదటి ముక్కలో. ఇంగ్రమ్ మచ్చ, నా తెర మీది గీత, రెండూ ఒకే ముక్కవి.

ఇక్కడొక చిత్రం ఉంది. ఇంగ్రమ్ పని చేసింది కావెండిష్ ప్రయోగశాలలో. అణువులను తూచే యంత్రానికి పుట్టిల్లు కూడా అదే. జె.జె. థామ్సన్ అక్కడే నియాన్‌లో రెండు రకాల పరమాణువులున్నాయని చూశాడు, 1919లో ఫ్రాన్సిస్ ఆస్టన్ అక్కడే మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ కట్టాడు. మరి ఇంగ్రమ్ ఆ యంత్రం వాడకుండా కాగితం, కరెంటు ఎందుకు పట్టుకున్నాడు? ప్రొటీన్ ఎగరదు కాబట్టి. ఈ కాటాలో తూగాలంటే అణువు గాల్లోకి లేవాలి, అంటే ఆవిరి కావాలి. నియాన్‌కు అదేం ఇబ్బంది కాదు. ప్రొటీన్‌ను వేడి చేస్తే ఆవిరి కాదు, కోడిగుడ్డులా గడ్డకట్టి మాడిపోతుంది. తూచే కాటా ఉంది, సరుకును కాటా మీదికి ఎక్కించే దారి లేదు. ఆ దారికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది.

రెండు దారులు దాదాపు ఒకేసారి దొరికాయి. క్యోటోలో షిమాద్జు కంపెనీలో కోయిచి తనాకా అనే ఇంజనీరు, చదివింది ఎలక్ట్రికల్, డాక్టరేట్ లేదు. 1985లో ఒకరోజు కోబాల్ట్ పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిపాడు. పారేయడం ఎందుకని దాన్నే వాడి లేజర్ కొట్టి చూస్తే, పెద్ద అణువు చెక్కుచెదరకుండా లేచింది. రెండో దారి అమెరికాలో యేల్ యూనివర్సిటీలో జాన్ ఫెన్‌ది. ప్రొటీన్ ద్రావణాన్ని సన్నని సూది గుండా పంపి, సూదికి వేల వోల్టుల కరెంటు పెడితే, తుంపర లేస్తుంది. తుంపరలోని నీరు ఆరిపోతూ పోతూ చివరికి ప్రొటీన్ ఒక్కటే, ఒంటి నిండా ఆవేశాలతో, గాల్లో మిగులుతుంది. వేడి లేదు, మాడటం లేదు. 1988లో అతను ఈ ఫలితాలు బయటపెట్టేటప్పటికి డెబ్బై దాటాడు. ఇద్దరికీ 2002లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఫెన్ తన నోబెల్ ప్రసంగంలో పెద్ద అణువులను ఏనుగులతో పోల్చి, వాటికి రెక్కలిచ్చామన్నాడు. ఆ బహుమతిలో జర్మనీ వాళ్లు హిల్లెన్‌క్యాంప్, కారస్‌లకు కూడా వాటా ఉండాల్సింది. ఇవాళ ల్యాబుల్లో వాడే లేజర్ పద్ధతి నిజానికి వాళ్లది. కానీ నోబెల్ కమిటీతో ఇప్పుడు పేచీ ఎందుకు.

బరువు తెలిసింది సరే. బరువు తెలిస్తే ఆకారం తెలుస్తుందా? కిలో పత్తి, కిలో ఇనుము రెండూ కిలోనే. తూచే యంత్రం ప్రొటీన్ ఎలా ముడుచుకుని ఉందో ఎలా చెబుతుంది? నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాకూ అర్థం కాని ప్రశ్న ఇదే. దీనికి జవాబు నాకు ఆదిలాబాద్ పత్తి మార్కెట్ గుర్తొచ్చాకే ఒంటబట్టింది.

సీజన్‌లో ఆ మార్కెట్‌కు వెళ్లినవాళ్లకు తెలుసు, గొడవంతా తేమ దగ్గరే. పత్తిలో తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి ధర, పైన ఉంటే కోత, 12 దాటితే సీసీఐ కొనదు. రాత్రి మంచులో బండి నిలబడితే పత్తి నీరు పీల్చి బరువెక్కుతుంది. అయితే అన్ని చోట్లా ఒకేలా పీల్చదు. పైన వదులుగా ఉన్న పత్తి ముందు తడుస్తుంది, తొక్కి కూరిన లోపలి పత్తి పొడిగానే ఉంటుంది. కాబట్టి ఒక బోరాను మంచులో పెట్టి, గంట గంటకూ తూచి, ఎంత బరువెక్కిందో రాసుకుంటూ పోతే, బోరా విప్పకుండానే అది ఎంత గట్టిగా కూరి ఉందో చెప్పొచ్చు.

ప్రొటీన్‌తో సరిగ్గా ఇదే చేస్తారు. మామూలు నీళ్లకు బదులు భారజలంలో పెడతారు. మన మణుగూరు దగ్గర ఇదే గోదావరి ఒడ్డున తయారయ్యే భారజలం లాంటిదే. అందులో హైడ్రోజన్ బదులు దాని రెట్టింపు బరువున్న డ్యుటీరియం ఉంటుంది. ప్రొటీన్ వెన్నెముక పొడవునా ఉన్న హైడ్రోజన్లు ఒక్కొక్కటీ డ్యుటీరియంతో స్థానాలు మార్చుకుంటాయి. ఒక్కో మార్పుకు ఒక డాల్టన్ బరువు పెరుగుతుంది. బయటికి తేలి ఉన్న హైడ్రోజన్లు క్షణాల్లో మారతాయి. లోపల ముడతల్లో దాగినవి, పక్కవాటితో చేతులు పట్టుకున్నవి గంటలు, రోజులు తీసుకుంటాయి. కాసేపయ్యాక ఆమ్లం, చలి రెండూ ఒక్కసారిగా ఇచ్చి ఆ మార్పిడిని ఆపేస్తారు, పెప్సిన్‌తో ముక్కలు చేసి తూస్తారు. ఏ ముక్క ఎంత బరువెక్కిందో చూస్తే, ఏది బయట ఉంది, ఏది లోపల ఉంది తెలిసిపోతుంది. మందు అతుక్కుంటే ఎక్కడ ముడత బిగిసింది, ఒక అమినో ఆమ్లం మారితే ఎక్కడ వదులైంది, అన్నీ బరువులోనే కనిపిస్తాయి.

హైడ్రోజన్ మార్పిడి ఆలోచన పాతదే, 1950లలో కోపెన్‌హాగెన్‌లో లిండర్‌స్ట్రామ్-లాంగ్ మొదలుపెట్టాడు. దాన్ని ఫెన్ తుంపరతో కలిపినవాళ్లు 1991లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో ఇద్దరు: విశ్వనాథం కట్టా, బ్రయన్ చైట్. ఆ మొదటి పేరు మొదటిసారి చూసినప్పుడు కాటాల పనికి ఎంత బాగా కుదిరిందో అని ఒక్కణ్నే నవ్వుకున్నాను. అదే ఏడాది వాళ్లిద్దరే ఇంకోటి చూపించారు. హిమోగ్లోబిన్‌కు చిన్న చుట్టం మయోగ్లోబిన్ ఉంది కదా, దాన్ని మెత్తగా ఎగరనిస్తే, ఇనుమున్న హీమ్ భాగం దాని ఒడిలోంచి జారకుండా కలిసే తూగుతుంది. అంటే ఎగిరాక కూడా ప్రొటీన్ తన ఆకారాన్ని కొంతైనా కాపాడుకుంటోంది. ఇంకొంచెం జాగ్రత్తగా ఎగరనిస్తే హిమోగ్లోబిన్ నాలుగు గొలుసులూ హీమ్‌లతో సహా ఒకే మూటగా, 64,500 డాల్టన్ల దగ్గర తూగుతాయి. ఈ దారిని ఎంతో దూరం తీసుకెళ్లిన కరోల్ రాబిన్సన్ 16 ఏళ్లకే బడి మానేసి ఫైజర్‌లో టెక్నీషియన్‌గా చేరిన మనిషి. తర్వాత ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండింటిలోనూ కెమిస్ట్రీకి మొదటి మహిళా ప్రొఫెసర్ అయింది. మన దేశంలో బెంగళూరు సెయింట్ జాన్స్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఈ డ్యుటీరియం పద్ధతినే హిమోగ్లోబిన్ మీద నడిపి, దానికి చిన్న అణువు ఒకటి అతుక్కుంటే ఏయే భాగాలు వదులవుతాయో చూశారు.

మరి ఆ 30 డాల్టన్ల తేడా ఆకారంలో ఏం చేస్తుంది? విడిగా చూస్తే దాదాపు ఏమీ చేయదు. సికిల్ హిమోగ్లోబిన్, మామూలు హిమోగ్లోబిన్ పక్కపక్కన పెడితే గుర్తుపట్టడం కష్టం. తేడా నలుగురిలో తెలుస్తుంది. గ్లుటామిక్ ఆమ్లం నీళ్లంటే ఇష్టపడేది, వేలిన్ నూనె స్వభావం కలది, నీళ్లకు దూరం జరగాలని చూస్తుంది. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలిన క్షణంలో పక్క అణువు బీటా గొలుసు మీద ఒక నూనె గుంట తెరుచుకుంటుంది. వేలిన్ వెళ్లి అందులో కూర్చుంటుంది. ఆ పక్క అణువు వేలిన్ ఇంకో అణువు గుంటలో. అలా పేనుకుంటూ పోయి 14 పోగుల తాడు అవుతుంది. ఆ తాళ్లు లోపలి నుంచి పొడిచి కణాన్ని కొడవలి చేస్తాయి. కణంలో నీరు తగ్గితే అణువులు దగ్గరవుతాయి, తాడు త్వరగా పడుతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటే రక్తం నెమ్మదిస్తుంది, ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్ ఆ ఇరుకులోనే ఎక్కువసేపు ఉండిపోతుంది. వంకర కణాలు సన్నని నాళాల్లో ఇరుక్కుంటే ఎముకల్లోపల నొప్పి. ఉట్నూరు చలి ఎముకలకు తెలుస్తుంది అన్నది ఇందుకే.

ఇంత తెలిసింది కదా, ఆదిలాబాద్‌కు ఏం తెలిసింది?

మన దేశంలో సికిల్ సెల్ మొదట కనబడింది 1952లో. నాజీ జర్మనీ వదిలి ఇంగ్లండ్ వచ్చిన హెర్మన్ లేమన్, మేరీ కట్‌బుష్‌తో కలిసి నీలగిరి కొండల తెగల్లో చూశాడు. అదే ఏడాది అస్సాం తేయాకు తోటల కూలీల్లో కూడా కనబడింది. 1970ల నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్రం వాళ్లు ఆదిలాబాద్ గూడేలకు రావడం మొదలైంది. గోండు, కోలాం, ఇంకా ఇతర తెగల రక్తాలు పరీక్షించి, జన్యువు ఎంత శాతంలో ఉందో పత్రాల్లో రాశారు. ఆ పత్రాలు కొన్ని చదివాను. మంచి పని. కానీ ఆ కాలపు ప్రశ్న వేరు: ఈ తెగలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎవరికి ఎవరు దగ్గర. రక్తం ఒక ఆనవాలు, అంతే. మనిషికి నొప్పి ఉందా అన్నది ఆ పట్టికల్లో ఒక గడి కాదు.

జన్యువు ఎందుకు మిగిలింది అన్నదానికి 1954లో ఆంథొనీ ఆలిసన్ జవాబిచ్చాడు. ఒక్క వైపు నుంచే వచ్చినవాళ్లకు జబ్బు రాదు, పైగా మలేరియా నుంచి కొంత రక్షణ. రెండు వైపుల నుంచీ వస్తే జబ్బు. ఆదిలాబాద్ అడవి మలేరియాకు పేరుపడ్డది, కాబట్టి జన్యువు నిలిచింది. దీన్ని పూర్వీకుల కానుక అని రాసేవాళ్లున్నారు. నాకు ఆ రాత నచ్చదు. ఇద్దరు వాహకులకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు అవకాశం జబ్బుకే, ఆ బిడ్డకు ఇది కానుక కాదు. ఇది ఆదివాసీల జబ్బు అనే మాట కూడా సగమే నిజం. మధ్య భారతంలో దళితుల్లో, వెనకబడిన కులాల్లో కూడా ఉంది. మన దేశంలో కనిపించే రకంలో పుట్టుకనాటి హిమోగ్లోబిన్ కొంత ఎక్కువగా మిగిలి ఉంటుంది, అందుకని ఆఫ్రికా రకం కంటే సగటున కొంచెం మెత్తగా ఉంటుందని చెబుతారు. సగటున.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ మిషన్ మొదలైంది. 17 రాష్ట్రాల్లో, 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి నిర్మూలించాలని లక్ష్యం. తెలంగాణ అందులో ఉంది. అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికాలో ఈ జబ్బుకు మొదటి క్రిస్పర్ చికిత్సకు అనుమతి దొరికింది, ధర 22 లక్షల డాలర్లు. గూడేనికి అందేవి హైడ్రాక్సీయూరియా మాత్రలు. అవి పాతవే, చవకే, పనిచేస్తాయి. ముందు ఎవరికి ఇవ్వాలో తెలియాలి.

మాస్ స్పెక్ట్రోమీటర్ అక్కడికి రాలేదు, రావాల్సిన అవసరమూ లేదని నాకు అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో కొన్ని ల్యాబులు పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన ఒక్క చుక్కతో దీన్ని మాస్ స్పెక్ట్రోమీటర్ మీదే పట్టేస్తాయి. అయినా ఈ కాటాకు దాని ఇబ్బందులున్నాయి. పంజాబ్‌లో ఉండే హిమోగ్లోబిన్ డి, ఈశాన్యంలో ఉండే హిమోగ్లోబిన్ ఇ, ఇవి మామూలుదాని కంటే ఒక్క డాల్టనే తేడా. పూర్తి గొలుసును తూస్తే అది తెలియదు, ముక్కలు చేసి వెతకాల్సిందే. సికిల్‌ది 30 కాబట్టి మన అదృష్టం.

మొన్న జనవరిలో మార్లవాయి వెళ్లాను. 11వ తేదీ హైమెండార్ఫ్ భార్య బెట్టీ వర్ధంతి. 1987లో చనిపోతే అక్కడే సమాధి చేశారు, తర్వాత ఆయన అస్థికలూ అక్కడికే వచ్చాయి. ఏటా ఆ రోజు జనం చేరతారు. చలి అలాగే ఉంది. తిరుగు దారిలో ఒక గూడెంలో చెట్టు కింద పరీక్షల క్యాంపు నడుస్తోంది. ఆగి చూశాను. ఏఎన్ఎం ఒకామె వేలు గుచ్చి, రక్తం చుక్కను చిన్న గొట్టంలో ద్రావణంలో కలిపి, గీతలు గీసిన కాగితం ముందు పట్టుకుంటోంది. ద్రావణం తేటగా ఉండి గీతలు కనిపిస్తే సరే. మబ్బుగా అయి గీతలు మాయమైతే సికిల్ ఉన్నట్టు. ఒక వైపు నుంచా, రెండు వైపుల నుంచా అన్నది ఈ గొట్టం చెప్పదు. దానికి హెచ్‌పీఎల్‌సీ యంత్రం కావాలి, నమూనా పట్నం పోవాలి.

చంకలో పిల్లను పెట్టుకున్న ఒక తల్లి వంతు వచ్చింది. పిల్లది గొట్టం మబ్బుగా అయింది. ఏఎన్ఎం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకో సిరంజి తీసింది.

"మల్ల రక్తం ఎందుకమ్మా?"

"పెద్ద మిషన్ మీద చూస్తరు. పట్నం పోవాలె."

"మరి చీటీ ఎన్నడొస్తది?"

"వారం, పది దినాలు."

ఆ తల్లి పిల్ల చేతిని వదలకుండా కాసేపు నిలబడింది. తర్వాత అడిగింది: "గీడికే వస్తదా? మేమే రావాల్నా?"

"నేనే తెస్త," అంది ఏఎన్ఎం. రిజిస్టర్‌లో పిల్ల పేరు రాసి, గూడెం పేరు రాసి, పక్కన తన ఫోన్ నంబర్ చింపిన కాగితం మీద రాసిచ్చింది.